గేజా వెర్మెష్ పండితుడు - ఆయన చదువు, ఆయన గ్రంథములు

నంద్యాలలో గాని ఆళ్లగడ్డలో గాని ఆదివారము దేవాలయమునకు పోవు బాలుడు తాను హెబ్రీ భాష నెరుగుదునని తలంపడు. అయినను ‘ఆమేన్’ అనునప్పుడును, ‘హల్లెలూయా’ అనునప్పుడును వాడు పలుకునది హెబ్రీయే. వాని పేరు సమూయేలైనను యోహానైనను, వాని చెల్లెలి పేరు మరియయైనను హన్నయైనను, ఆ పేళ్లు యూదుల యిండ్లలో పుట్టి, అన్యభాషల గుండ బహుదూరము నడచి, 19 వ శతాబ్దమున ముత్యాలపాడు నంద్యాల ప్రాంతములకు వచ్చిన మిషను బోధకులతో కూడ మన వీధులలో ప్రవేశించినవి. మార్కు సువార్తను తెనుగున చదువునప్పుడు ‘ఎప్ఫతా’ అనియు ‘అబ్బా’ అనియు తెనుగు కాని మాటలు నడుమ నడుమ కనబడును. అవి యేసు తన పల్లెలో మాటలాడిన అరమేయిక భాషలోనివి.

ఇట్లుండగా శుభశుక్రవారపు నాటకములలో మన బాలురు వేయు యూదుల వేషములను చూడుడు. గడ్డములు నల్లగా దిద్దుకొని, కనుబొమలు ముడిచి, ప్రధానయాజకుని చుట్టు చేరి గుసగుసలాడువారందరును యూదులు. యేసును, పేతురును, మరియయు మాత్రము యూదులు కానట్లు తెల్లని బట్టలతో వేరుగా నిలుతురు. ‘పరిసయ్యుడు’ అనుమాట మన పేటలలో తిట్టుగా కూడ వాడబడుచున్నది. యేసు ఏ జనములో పుట్టెనో ఆ జనమును నిందించుచు యేసును స్తుతించుట యెట్లు పొసగును? ఈ ప్రశ్న యెదుట తన జీవితమునంతయు నిలిపిన పండితుడొకడు ఇటీవలి కాలమున నుండెను. ఆయన పేరు గేజా వెర్మెష్. బైబిలు పాఠము చెప్పుకొను పాఠశాల కేదానికైనను ఆయన చరిత్రతో పని యున్నది గనుక దాని నిచ్చట కొంత వివరించుచున్నాను.

ఆయన 1924 వ సంవత్సరము జూన్ 22 వ తేదీన హంగేరీ దేశములోని మకో అను పట్టణమున జన్మించెను. తండ్రి పత్రికలకు వ్రాయువాడు. తల్లి పాఠశాలలో ఉపాధ్యాయిని. ఇరువురును యూదులే గాని పూర్వాచారములను విడిచినవారు. బాలునికి సుమారు నాలుగేండ్ల వయసున కుటుంబము ద్యూలా అను పట్టణమునకు పోయెను. 1931 ప్రాంతమున తలిదండ్రులును కుమారుడును రోమను కతోలిక సంఘమున బాప్తిస్మము పొందిరి. యూదులపై ద్వేషము దినదినము హెచ్చుచుండిన ఆ కాలమున, ఇట్లు చేసిన బిడ్డ భవిష్యత్తు బాగుండునని తలిదండ్రులు తలంచిరి. బాలుడు కతోలిక పాఠశాలలో చదివి లాటిను గ్రీకు భాషలలో మంచి విద్యార్థి యనిపించుకొనెను.

అయితే హంగేరీ ప్రభుత్వమువారు 1938 మొదలు చేసిన శాసనములు మనుష్యుని మతమును గాక వాని పుట్టుకను చూడసాగినవి. బాప్తిస్మపు పత్రము ఆ శాసనముల యెదుట అక్కరకు రాలేదు. 1942 లో పాఠశాల చదువు ముగించిన యువకునికి విశ్వవిద్యాలయపు ద్వారములు మూయబడి యుండెను. అప్పు డాయన గురువిద్య నభ్యసించు సెమినరీలో చేరెను. 1944 మార్చిలో జర్మను సైన్యములు హంగేరీని ఆక్రమించినవి. ఆ సంవత్సరము మే నడుమ నుండి జూలై మొదటి దినములవరకు, రెండు నెలలైనను నిండక మునుపే, సుమారు 4,37,000 మంది యూదులను రైళ్లలో నింపి ఆ దేశము నుండి పంపివేసిరి. వారిలో అత్యధికులు పంపబడినది ఆష్విట్జు మరణశిబిరమునకే. వెర్మెష్ తలిదండ్రులు క్రైస్తవ దేవాలయములో ప్రార్థన చేయువారై యుండియు ఆ సంవత్సరమే పట్టువడి మరల తిరిగి రాలేదు. కుమారుడు సంఘపువారి ఆశ్రయమున దాగి ప్రాణము దక్కించుకొనెను. ఆయన వయసప్పుడు ఇరువది యేండ్లు.

యుద్ధము ముగిసిన పిమ్మట ఆయన సన్యాసిసంఘములలో చేరి విద్వాంసుడు కాగోరెను. యేసుసభవారును దొమినికనులును ఆయన యూదసంతతివాడను కారణమున చేర్చుకొనలేదు. చంపినవారికిని చేర్చుకొనని వారికిని భేదము మిక్కిలి గలదు, దానిని మరువరాదు. అయినను ఆ రెండు తలుపుల మీదను వ్రాయబడినది ఒక్కటే మాట. కడపట ‘సీయోను మాత తండ్రులు’ అను సంఘము ఆయనను చేర్చుకొని బెల్జియము దేశమందలి లూవెన్ నగరమునకు పంపెను. 1950 లో ఆయన గురువుగా అభిషేకము పొందెను.

ఆయన లూవెన్‌లో హెబ్రీని శ్రద్ధగా చదువుచుండిన కాలముననే మృతసముద్రపు తీరమున ఒక ఆశ్చర్యము జరిగెను. 1947 ప్రాంతమున కుమ్రాన్ అనుచోట మేకలు కాచుకొను అరబ్బు బాలుడొకడు కొండగుహలో మట్టికుండలను, వానిలో తోలు చుట్టలను కనుగొనెను. 1956 లోగా అట్టి గుహలు పదునొకండు బయలుపడినవి. వానిలో దొరకినవి తొమ్మిదివందలకు మించిన గ్రంథముల చుట్టలును, చుట్టల తునకలును. అందు యెషయా గ్రంథపు చుట్ట ఒకటి యించుమించు సంపూర్ణముగా దొరకెను. పొడవు ఏడు మీటర్లకు మించును. అంతకు పూర్వము పండితుల చేతనున్న సంపూర్ణమైన హెబ్రీ బైబిలు ప్రతులలో మిక్కిలి ప్రాచీనమైనది క్రీ. శ. 1008 నాటిది. ఈ యెషయా చుట్ట దానికంటె వేయి సంవత్సరములకు పైగా పెద్దది.

ఇది యెంతటి లాభమో తాళపత్రముల సంగతి యెరిగిన మన తెనుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. మన పొరుగున కడపలో బ్రౌను దొర బంగళా కొని, పండితులను చేర్చి, ఒక్క కావ్యమునకు నాలుగైదు ప్రతులు తెప్పించి పోల్పించెను. ఒక ప్రతిలో పద్యపాద మొకతీరు, వేరొక ప్రతిలో మరియొక తీరు. ఏది కవి వ్రాసినది, ఏది వ్రాయసకాని పొరపాటు అని తేల్చుటయే ఆ పండితుల పని. 1829 లో అచ్చైన వేమన పద్యములు అట్టి శ్రమకు ఫలము. బ్రౌనునకు వేయి యేండ్ల ప్రాచీనమైన ప్రతి యేదైన దొరకి యుండిన ఆయన సంతోషమెంతటిదో ఊహించుడు. వెర్మెష్ తరమువారికి కలిగిన భాగ్యమట్టిది.

ఆయన వెంటనే ఆ చుట్టలను తన పరిశోధనకు విషయముగా గైకొని 1953 లో డాక్టరు పట్టము పొందెను. ఈ గ్రంథములపై వ్రాసి పట్టము పొందినవారిలో ఆయన మొదటి వరుసలోనివాడు. ఆ చుట్టలలో ‘దుష్టయాజకుడు’ అని పేరు చెప్పక నిందింపబడిన పురుషుడొకడు కలడు. వాడు మక్కబీయుల వంశములోని యోనాతానని వెర్మెష్ వాదించెను. ఆ వాదమును తరువాత పలువురు అంగీకరించిరి.

లూవెన్ తరువాత పారిస్ నగరమున ఆయన చేసిన పని ఉపాధ్యాయులు ముఖ్యముగా తెలిసికొనదగినది. ఆ సంఘములోనే పౌలు దెమాన్ అను వేరొక గురువుండెను. ఈయనయు హంగేరీ యూదుడే. ఫ్రెంచి భాషలో పిల్లలకు మతబోధ చేయు పాఠ్యపుస్తకములను దెమాన్ తెప్పించి, వానిలో యూదులను గూర్చి యేమి వ్రాయబడినదో శోధించి 1952 లో ప్రకటించెను. వెర్మెష్ ఆయనకును, రెనే బ్లాక్ అను విదుషీమణికిని తోడై వారి పత్రికలో వ్రాయుచుండెను. ద్వేషము పెద్దల ఉపన్యాసములలో మాత్రమే యుండదు. బాలుని పాఠములో ఒక విశేషణముగా, బొమ్మలో ఒక వంకరముక్కుగా మొదట చేరును. పుస్తకములలో ఆ మాటలను వెదకి దిద్దుటకు పూనిన ఈ ముగ్గురి శ్రమ వ్యర్థము కాలేదు. 1965 అక్టోబరు 28 వ తేదీన రెండవ వాటికను మహాసభ ప్రకటించిన పత్రములో క్రీస్తు మరణదోషమును యూదజనమంతటిపై మోపరాదని స్పష్టముగా చెప్పబడెను. రెనే బ్లాక్ మాత్రము దానిని చూడలేదు. 1955 జూలైలో ఆమె యెక్కిన విమానము బల్గేరియా దేశముపై కూల్చబడగా మరణించెను.

నాటకములు నేర్పు మన ఉపాధ్యాయులు ఈ సంగతిని తలంచి, వచ్చు సంవత్సరము యేసునకును శిష్యులకును కయపకును ఒక్కటే విధమైన దుస్తులు వేయించిన బాగుండును. ఖర్చును తగ్గును.

1957 లో వెర్మెష్ గురుత్వమును విడిచి ఇంగ్లండునకు పోయెను. అచ్చట పామెలా అను విద్వాంసురాలిని 1958 లో వివాహమాడెను. ఈ మార్పును గూర్చి కతోలికులు నొచ్చుకొనిరి. మన చదువరులలో కొందరికిని ఇది రుచింపకపోవచ్చును. చరిత్ర వ్రాయువాడు దాచరాదు గనుక వ్రాసితిని. న్యూకాసిల్ నగరమున ఎనిమిదేండ్లు బోధకుడుగా నుండెను. ముప్పది మూడేండ్ల వయసున, ఇంగ్లీషునకు క్రొత్తవాడై, ఆ భాషలోనే పాఠములు చెప్పి ఆ భాషలోనే గ్రంథములు వ్రాయుట ఎంత శ్రమయో మన విద్యార్థులు తెలిసికొందురు. పామెలా ఆయన ఇంగ్లీషును దిద్దుచుండెను.

ఆ దినములలో రెండు పుస్తకములు వెలువడినవి. 1962 లో అచ్చైన ‘మృతసముద్రపు చుట్టలు’ ఇంగ్లీషు అనువాదము పెంగ్విన్ వారి చౌక పుస్తకముగా వచ్చి సామాన్యజనుల చేతులకు చేరెను. అది విడువక పెరుగుచు, మరల మరల అచ్చగుచు, 1997 లో సంపూర్ణ గ్రంథమాయెను. అంతకు ముందు, 1961 లో వచ్చిన పుస్తకము పండితుల కొరకైనది. నా యభిప్రాయమున బోధనకు అదియే యెక్కువ ఉపయోగకరము. యూదులు తమ లేఖనములను ప్రతి తరమునను మరల చెప్పుకొనుచు, చెప్పుకొనుటలోనే వ్యాఖ్యానమును చేర్చిరని అందు నిరూపించెను. ‘తిరుగ వ్రాయబడిన బైబిలు’ అని ఆ విధానమునకు ఆయన పెట్టిన పేరే నేటికిని నిలిచి యున్నది.

భారతమును తెనుగు చేసిన మన కవులు వ్యాసుని మాటకు మాట పెట్టక, కొంత విడిచి, కొంత పెంచి, తమ కాలపువారికి తగినట్లు చెప్పిరి గదా. అట్లే అరమేయికములో బైబిలును చెప్పిన యూదులు ఇస్సాకు బలికథను పెంచిరి. ఆదికాండమున ఇస్సాకు కట్టబడిన బాలుడు, ఏమియు తెలియనివాడు. పాలస్తీనాలోని అరమేయిక అనువాదములలో నతడు పెద్దవాడు; తానే తండ్రిని వేడుకొని, భయమున కదలి బలిని చెడగొట్టకుండునట్లు తన్ను గట్టిగా కట్టుమని కోరును. తన్నుతాను అర్పించుకొను కుమారుడను ఈ భావము క్రైస్తవులు క్రీస్తు మరణమును గ్రహించుటకు మార్గమును సిద్ధపరచెనని వెర్మెష్ అభిప్రాయము.

1965 లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ఆయనను యూదవిద్యలకు రీడరుగా నియమించిరి. ఆయన 1991 వరకు అచ్చట బోధించి, 1989 లో ఆ శాస్త్రమునకు మొదటి ప్రొఫెసరు పదవిని పొందెను. యూదవిద్యల పత్రికకు 1971 మొదలు సంపాదకుడై మరణపర్యంతము ఆ పని విడువలేదు. ఈ నడుమ, 1970 లో, లండనునందలి ఉదారయూదుల సమాజమందిరమున సభ్యుడాయెను. పుట్టినచోటికి సుదీర్ఘమైన త్రోవను తిరిగి వచ్చెనన్నమాట.

1973 లో ఆయన ‘యూదుడైన యేసు’ అను గ్రంథమును ప్రకటించెను. పేరును విని ఆ కాలమున అనేకులు ఉలికిపడిరి. యేసు యూదుడని యెవరికి తెలియదు? తెలిసియు తలపెట్టకుండుట వేరు. తెలిసినదానిని ఆధారముగా చేసికొని సువార్తల నాద్యంతము చదువుట వేరు. వెర్మెష్ ఈ రెండవ పని చేసెను.

గలిలయ దేశమున ఆ కాలమున భక్తులనబడిన యూదులు కొందరుండిరి. వారు శాస్త్రములలో మహాపండితులు కారు. ప్రార్థనచేత వర్షము కురిపింతురనియు, రోగులను బాగుచేయుదురనియు జనులు నమ్మిరి. వారికి పూర్వుడగు హోనీ అనువాని కథ మన సీమవారు వినదగినది. అనావృష్టి కాలమున జనులు వానిని ఆశ్రయించిరి. వాడు నేలమీద ఒక వలయము గీచి, అందు నిలిచి, వాన కురియువరకు ఈ గీత దాటనని దేవునితో పలికెను. చినుకులు పడినవి, ఇది నేనడిగినది కాదనెను. కుండపోతగా కురిసెను, ఇదియు కాదనెను. పిమ్మట పంటకు తగిన వాన కురిసెను. శిమియోను బెన్ షెతా అను పెద్ద, తండ్రి యెదుట మారాము చేయు బిడ్డవలె దేవుని యెదుట మారాము చేయుచున్నావు గనుక నిన్ను ఏమనగలమని మందలించెను. కప్పను రోకలికి కట్టి ఇంటింట త్రిప్పువారిని, వరుణజపము చేయించువారిని, ఎండిన చెరువు గట్టున మోకరించి ప్రార్థించువారిని చూచిన మనకు హోనీ పరాయివాడు కాడు.

వేరొకడు హనీనా బెన్ దోసా. గలిలయలో నజరేతునకు దూరము కాని గ్రామమువాడు, కటిక బీదవాడు. గమలియేలు కుమారుడు జ్వరపీడితుడైనప్పుడు దూరముననే యుండి ప్రార్థించి, పొండు, జ్వరము విడిచినదని దూతలకు చెప్పెననియు, ఆ గడియలోనే బాలుడు స్వస్థుడాయెననియు తల్మూదు చెప్పును. కపెర్నహూము శతాధిపతి దాసుని కథ యెరిగిన బాలురు ఈ పోలికను వెంటనే పట్టుకొందురు. యేసు ఇట్టి గలిలయ భక్తుల వరుసలోనివాడు, అందరిలో గొప్పవాడు అని వెర్మెష్ సిద్ధాంతము. దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. మిష్నా గ్రంథము కూర్పబడినది క్రీ. శ. 200 ప్రాంతమున, తల్మూదు అంతకంటె తరువాతిది. అంత తరువాత వ్రాసిన కథలతో మొదటి శతాబ్దమును వర్ణింపవచ్చునా యని పలువురు అడిగిరి. హోనీ గలిలయవాడనుటకు సరియైన సాక్ష్యమును లేదు.

‘మనుష్యకుమారుడు’ అనుమాటపై ఆయన చేసిన చర్చయు ప్రసిద్ధము. అరమేయికములో ‘బర్ నాషా’ అనునది బిరుదము కాదనియు, వినయముచేతనో భయముచేతనో ‘నేను’ అనుటకు బదులుగా తన్నుగూర్చి మాటలాడువాడు పలుకు మాటయనియు ఆయన వాదించెను. మన వృద్ధులు ‘ఈ దాసుడు వచ్చినాడు’ అని తమ్మునుగూర్చి చెప్పుకొనుట లేదా? జోసెఫు ఫిట్జ్‌మయరు అను అమెరికా పండితుడు, నీవు చూపిన ఉదాహరణములు యేసు కాలమునకు తరువాతివని అడ్డగించెను. ఆ వాదము ఎడతెగక సాగెను. ‘అబ్బా’ అనుమాటయు నట్టిదే. అది చంటిపిల్ల పలుకు ‘నాన్న’ వంటి ముద్దుమాటయని జర్మను పండితుడగు యెరెమియస్ చెప్పగా బోధకులందరు దానిని పట్టుకొనిరి. పెద్దవారును తండ్రిని అట్లే పిలుచుచుండిరని వెర్మెష్ మొదలైనవారు చూపిరి. మన సీమలో ‘అబ్బ’యనునది పెద్దవారి నోటనే వినబడును గాన మనకిది వింతగా తోచదు. అయితే ఆ మాటకును ఈ మాటకును చుట్టరికము కలదని ఎవరును ప్రసంగములో చెప్పకుందురు గాక; అది కేవలము ధ్వనిసామ్యము.

ఎమీల్ ష్యూరర్ అను జర్మను పండితుడు యేసు కాలపు యూదుల చరిత్రను 19 వ శతాబ్దమున పెద్ద గ్రంథముగా వ్రాసెను. వివరములు అపారము, కాని ధర్మశాస్త్రము ననుసరించిన యూదుల జీవితమును గూర్చిన ప్రకరణమున ఎగతాళియే యెక్కువ. ఈ దోషమును జార్జి ఫుట్ మూర్ అను అమెరికా పండితుడు 1921 లోనే యెత్తి చూపెను. వెర్మెష్ ఫెర్గస్ మిల్లరుతోను మాత్యూ బ్లాకుతోను కూడి ఆ గ్రంథమునంతయు పునఃపరిష్కరించి 1973 మొదలు 1987 లోపల ప్రకటించెను. పాతదానిని కాల్చివేయలేదు, వివరములను నిలిపి, క్రొత్తగా దొరకిన సాక్ష్యములను చేర్చి, ద్వేషమును మాత్రము తొలగించిరి. పదునాలుగేండ్ల పని. ఇట్టి పనికి చప్పట్లు కొట్టువారుండరు.

చుట్టల ప్రకటనలో జరిగిన జాప్యముపై కూడ ఆయన పోరాడెను. నాలుగవ గుహలో దొరకినవి వేలకొలది చిన్న తునకలు. ఆళ్లగడ్డ శిల్పుల పనిచోట రాలిన రాతిచెక్కులను పోగుచేసి మరల బండను కూర్చుమన్నట్టి పని యది. ఆ పనిని కొద్దిమందికే అప్పగింపగా వారు యేండ్ల తరబడి ఇతరులను చూడనియ్యరైరి. ఇది ఈ శతాబ్దపు విద్యాలోకమునకు గొప్ప అపకీర్తి కాగలదని వెర్మెష్ 1977 లోనే వ్రాసెను. 1991 లో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ గ్రంథాలయమువారు తమ యొద్దనున్న ఛాయాచిత్రములను అందరికి తెరచిరి; పిమ్మట ఇశ్రాయేలు అధికారులును అడ్డు తొలగించిరి.

ఆ సంవత్సరపు కడపటనే ఒక తునకపై పెద్ద సందడి పుట్టెను. అందు దావీదు చిగురును గూర్చి చెప్పుచు, చంపుటను తెలుపు క్రియాపద మొకటి కలదు. హెబ్రీలో హల్లులు మాత్రమే వ్రాయుదురు. అచ్చులు చదువువాడు చేర్చుకొనవలెను. ఒకతీరున చదివిన ‘వారు చంపిరి’ యగును. వేరొకతీరున ‘అతడు వానిని చంపెను’ అగును. తెనుగున ‘పులి చంపిన వేటగాడు’ అన్నచో చచ్చినది పులియో వేటగాడో చెప్పుడు చూతము! అమెరికాలో కొందరు మొదటితీరున చదివి, క్రీస్తునకు పూర్వమే చంపబడు మెస్సీయ యొకడు యూదగ్రంథములలో కలడని పత్రికలలో చాటిరి. క్రైస్తవులలో కొందరికి అది మిక్కిలి సంతోషము కలిగించెను. వెర్మెష్ ఆక్స్‌ఫర్డులో పండితులను కూర్చుండబెట్టి ఆ తునకను అక్షరమక్షరముగా చదివించెను. అందు మొదట ఉదాహరింపబడినది యెషయా గ్రంథము. ఆ ప్రవచనములో దావీదు చిగురు దుష్టులను చంపువాడే గాని చంపబడువాడు కాడు. కాబట్టి రెండవతీరు పాఠమే యుక్తమని తేల్చిరి. మనకు అనుకూలమైన అర్థమైనను సందర్భము ఒప్పుకొననప్పుడు దానిని విడువవలెను. ఈ ఒక్క ఉదాహరణమును చాలమంది ప్రసంగికులకు చదివి వినిపింపవలెనని నాకు తోచును.

ఇక ఆయన 2012 లో వ్రాసిన ‘క్రైస్తవ ఆరంభములు’ అను గ్రంథమునకు వత్తము. గలిలయలోని యేసు మొదలుకొని 325 లో జరిగిన నికయ మహాసభవరకు గల మూడు శతాబ్దముల కథ అది. యేసు బోధించినది దేవునియందు బిడ్డవలె నమ్మిక యుంచు సరళమైన యూదభక్తియనియు, గ్రీకుల తత్త్వశాస్త్రము దానిని క్రమముగా మార్చి యేసును దేవునిగా చేసెననియు ఆయన నిర్ణయము. నికయ విశ్వాసప్రమాణమును ఆదివారమందు పలుకు మనము దీనిని తప్పించుకొని పోజాలము.

నే నిచ్చట ఆయనతో ఏకీభవింపను. నా కారణమును ఆయన నేర్పిన పద్ధతిలోనే చెప్పుదును. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక సిలువ తరువాత ఇరువదియైదేండ్ల లోపలిది. దాని చివర గ్రీకు చదువరులకు తెలియని అరమేయికపు మాటయొకటి కలదు: ‘మారనాతా’. ప్రభువును రమ్మని పిలుచు పిలుపు. ఇది గ్రీకుల తత్త్వశాస్త్రము కాదు. అరమేయికము మాటలాడిన యూదవిశ్వాసులే ప్రార్థనలో యేసును ప్రభువని పిలిచిరనుటకు సాక్ష్యము. 1943 నుండి 2019 వరకు జీవించిన లారీ హుర్టాడో అను పండితుడు, యేసును ఆరాధించుట మిక్కిలి తొందరగా యూదులలోనే పుట్టెనని 2003 లో వ్రాసిన పెద్ద గ్రంథమున వాదించెను. ‘మార్’ అనునది గౌరవముగా మనుష్యులకును చెల్లునని వెర్మెష్ చెప్పియున్నాడు, నిజమే. మన ‘అయ్యా’ కూడ అందరికి చెల్లును. అయితే చనిపోయినవానిని ‘అయ్యా, రమ్ము’ అని సభకూడి ప్రార్థించుట వట్టి మర్యాద కాదు. ఈ చిక్కునకు వెర్మెష్ గ్రంథములలో తృప్తికరమైన సమాధానము నాకు దొరకలేదు.

అయినను మన పై తరగతులవారు ఆయనను చదువవలెనని నా కోరిక. తలిదండ్రులలో కొందరు, విశ్వాసము లేనివాని పుస్తకమును బిడ్డల చేతికిచ్చుట యెందుకని యడుగుదురు. విశ్వాసము నిండుగా నుండిన యూరపుఖండమున, బాప్తిస్మము పొందిన స్త్రీపురుషులను పొరుగువారు చూచుచుండగా రైలు ఎక్కించిరి. ఆ పొరుగువారు చిన్ననాట చదివిన మతపాఠములలో యూదులను గూర్చి యేమి యుండెనో దెమాన్ వెదకి చూపెను. అట్టి పాఠము మన యొద్ద లేకుండ చూచుకొనుటకు వెర్మెష్ వంటివారి సహాయము కావలెను.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే యనుకొనరాదు. గుంటూరు సీమలోని కొత్తరెడ్డిపాలెమున తమ్ము ఎఫ్రాయిము సంతానమని చెప్పుకొను తెనుగువారు కొందరు కలరు. 1991 లో వారికి సమాజమందిరమొకటి యేర్పడెను. వారిని గూర్చి యూలియా యెగొరోవాయు షాహిద్ పర్వేజును 2013 లో ఒక గ్రంథమునే ప్రకటించిరి. వారి వంశవృక్షమును తేల్చుట నా పని కాదు. తెనుగు మాటలాడు యూదుడు రైలుబండిలో మన బాలుని ప్రక్కన కూర్చుండవచ్చునని మాత్రము చెప్పుచున్నాను.

ఆ 2013 లోనే, మే 8 వ తేదీన, వెర్మెష్ తన 88 యేండ్ల వయసున మరణించెను.

హెబ్రీ నేర్చుకొనగోరు బాలురు పెద్ద చదువులకు పోవువరకు వేచియుండనక్కరలేదు. 2011 లో యెరూషలేములోని ఇశ్రాయేలు మ్యూజియమువారు ఆ గొప్ప యెషయా చుట్ట ఛాయాచిత్రములను అందరికిని తెరచిరి గనుక, నంద్యాలలోనైనను ఆళ్లగడ్డలోనైనను చేతిలోని ఫోనుమీదనే దాని వరుసలను, తోలు కుట్లను, వ్రాయసకాడు మరచి పైన చేర్చిన అక్షరములను చూడవచ్చును. చదువు కుడినుండి ఎడమకు సాగును. అక్షరములు ఇరువదిరెండే; మన పెద్దబాలశిక్షలోని వానిలో సగమైనను కావు.